బందరు తొక్కుడు లడ్డు: అసలేది, నకలేది?

బందరుకు పోయి వచ్చిన మనిషి చేతిలో లడ్డు పొట్లము లేకుండ ఇల్లు చేరుట అరుదు. పెండ్లికి పోయినను, కోర్టు పనికి పోయినను, ఆసుపత్రికి పోయినను, గుమ్మములో నిలిచిన పిల్లలు మొదట చూచునది ఆ పొట్లమునే. ఈ దినములలో అయితే అంత దూరము పోనక్కరలేదు. గుడివాడలోను, అవనిగడ్డలోను, విజయవాడ బస్సు నిలయము దగ్గరను, హైదరాబాదు వీధులలోను "అసలైన బందరు లడ్డు" అను పలకలు కనబడుచున్నవి. కొన్ని చోట్ల ఎదురెదురు దుకాణములు రెండును ఆ పలకనే కట్టుకొన్నవి. ఒకటి అసలైనదైన యెడల రెండవది ఏమగును? రెండును అసలైనవే అయిన యెడల ఆ మాట వ్రాయవలసిన పనియేమి? తిండి విషయములో "అసలు" అను మాటకు అర్థమున్నదా, లేక అది బేరము కొరకు పెట్టిన ముగ్గా అని ఆలోచించుట వ్యర్థము కాదు. ఏలయనగా ఆ మాట వెనుక కొందరి కూలియు, కొందరి భుజములును ఉన్నవి.

మొదట ఆ ఊరిని చూతము. బందరు అను పేరే మన తెలుగు మాట కాదు. అది పారశీకపు మాట. రేవు అని దాని అర్థము. గోలకొండ సుల్తానుల కాలములో మచిలీపట్నము ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. పారశీక వర్తకులు ఇచ్చటికి వచ్చిరి. డచ్చివారు వచ్చిరి. వారు వచ్చిన కొలది సంవత్సరములకే 1611లో ఆంగ్లేయులు తమ వర్తకశాలను పెట్టిరి. ఇచ్చటి అద్దకపు బట్టలు ఓడలకెక్కి దూరదేశములకు పోయినవి. ఆ పనికి కలంకారీ అను పేరు కూడ పారశీకమే. ఇట్లు ఊరి పేరు పరదేశపుది, ఊరికి కీర్తి తెచ్చిన బట్ట పేరు పరదేశపుది. లడ్డు దగ్గర మాత్రము స్వదేశపు స్వచ్ఛతను వెదకువారు కొంచెము నిదానింపవలెను.

ఆ లడ్డును ఈ ఊరికి తెచ్చినవారు బొందిలీలని పెద్దలు చెప్పుకొందురు. బొందిలీలు అనగా ఉత్తర దేశములోని బుందేల్‌ఖండు నుండి సైనికోద్యోగములకును, ఇతర పనులకును దక్షిణమునకు వచ్చి స్థిరపడినవారు. వారి పేరే ఆ దేశపు పేరు నుండి పుట్టినది. ఏ తరమువారు ఏ సంవత్సరమున మొదటి పొయ్యి వెలిగించిరో చెప్పు శాసనమేదియు లేదు. గాని వారి చేతులలో పుట్టిన పని ఊరివారి చేతులకు వచ్చినదని బందరులో అందరును ఒప్పుకొందురు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. వచ్చినవాడు తెచ్చిన దానిని ఉన్నవాడు నేర్చుకొనుట రేవుపట్టణమునకు సహజమే.

సరే, వండినవారు పరాయివారైనను వస్తువులైనను మనవేనా? అదియు కాదు. లడ్డుకు ప్రాణమైన శనగ మన డెల్టా బురదలో పండు పంట కాదు. అది మెట్ట ప్రాంతపు నల్లరేగడిలో, శీతకాలపు మంచుకు పండునది. బెల్లము ఉయ్యూరు వైపు చెరకు తోటలనుండి దొరకవచ్చును గాని, మనకంటె బెల్లమునకు పేరుపొందినది అనకాపల్లి. పైన గుచ్చు జీడిపప్పు సంగతి మరింత విచిత్రము. జీడిమామిడి చెట్టు పుట్టినది దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశములో. దానిని మన దేశమునకు తెచ్చినవారు పోర్చుగీసువారు. మన ఊరగాయలలోని ఎండుమిరపకాయ కూడ అమెరికా ఖండములనుండి వచ్చినదే. మిరపకాయ లేని గోంగూర పచ్చడిని ఊహించుకొనలేని మనము, నాలుగైదు వందల ఏండ్ల క్రిందట మన పూర్వికులు దానిని మిరియములతోనో మరి దేనితోనో తినియుందురని మరచిపోవుచున్నాము.

నిజముగా ఈ నేలలో పుట్టిన ఉండ కావలెనన్న యెడల దానికి గుడివాడ పోవలెను. అచ్చట వరి కోతకు కొలది దినములు ముందుగా నిలువు చేలోనే మినుములు చల్లుదురు. వరి కోసిన తరువాత మన్నులో మిగిలిన పదునుతోను, రాత్రి మంచుతోను ఆ మినప చేలు పండును. ఆ మినుములు వేయించి, తిరుగలిలో విసరి, బెల్లము కలిపి, ఇంటి గేదె నేతితో కట్టిన సున్నుండ మన నేల బిడ్డ. వస్తువు పుట్టిన చోటే అసలుతనమునకు కొలబద్ద అయిన యెడల కృష్ణా డెల్టా మిఠాయి అను బిరుదు సున్నుండకు రావలెను. రాలేదు. సున్నుండ ప్రతి ఇంటిలో ఉన్నది గనుక దానికి పలక కట్టువాడు లేడు. (బాలింతకును, ఎదుగు పిల్లలకును సున్నుండ పెట్టిన అమ్మమ్మలు ఆ బిరుదు అడుగనూలేదు.)

అయితే పుట్టుక కాదు, కులము కాదు, నేల కాదు. మరి ఏది? పని యొక్క క్రమమును చూడవలెను.

సాధారణపు లడ్డును బూందీతో కట్టుదురు. శనగపిండిని జారుగా కలిపి, చిల్లుల గరిటెనుండి కాగుచున్న నూనెలోనో నేతిలోనో రాల్చి, ఆ పూసలను పాకములో వేసి ఉండచేయుదురు. కొరికినప్పుడు పూస కంటికి కనబడును, నాలుకకు తగులును. బందరు లడ్డులో పూస కనబడదు. శనగపిండిని ముద్దగా కలిపి, గొట్టములో పెట్టి జంతికల వలె వత్తి, నేతిలో వేయింతురు. వేగిన దానిని దంచి పొడిచేసి జల్లెడ పట్టుదురు. జల్లెడలో నిలిచిన పలుకును మరల దంచి మరల జల్లింతురు. అప్పుడు బెల్లమును కరగించి, వడగట్టి, మన్నును చెత్తను తీసివేసి పాకము పట్టుదురు. పాకము లేతదైనయెడల ఉండ నిలువదు, ముదిరినయెడల రాయి అగును. ఆ పాకమును పొడిలో కలిపి రోటిలో వేసి రోకళ్లతో దంచుదురు. ఇదియే తొక్కుడు. ఎదురెదురుగా నిలిచిన పనివారు వంతులవారీగా రోకలి వేయుచుండగా, మధ్య మధ్య నెయ్యి పోయుచుందురు. పొడి పొడిగా ఉన్నది ముద్దయగును, ముద్ద మెత్తబడును, మెత్తబడినది నేతిని త్రాగి మెరయును. అప్పుడు యాలకుల పొడి, జీడిపప్పు, పటికబెల్లపు పలుకులు కలిపి ఉండలు కట్టుదురు.

దీనిలో దంచుట ఏమి చేయుచున్నదో గమనింపుడు. శనగపిండికి ఒక గరుకుతనము సహజము. నేతిలో వేయించుటతో పచ్చివాసన పోవును గాని గరుకు పోదు. మరల మరల దంచి జల్లించుటవలన అది నశించును. పాకముతో కలిపి దంచునప్పుడు బెల్లమును నెయ్యియు పిండి రేణువు చుట్టును పట్టుకొనును. అందుచేత ఆ లడ్డు నోటిలో పెట్టగానే నమలకుండనే కరగును. ముందుగానే బాగుగా వేగి తడి పోయినది గనుక చాలదినములు పాడుకాదు. శీతల యంత్రములు లేని కాలములో రేవునుండి, తరువాత 1908 ప్రాంతమున వచ్చిన రైలునుండి ప్రయాణము చేయువారికి అట్టి మిఠాయి ఎంత అనుకూలమో చెప్పనక్కరలేదు. ఎడ్లబండిమీద మూడు దినములు పోయినను చెడని దానికే దూరపు ఊళ్లలో పేరు వచ్చును.

ఒకసారి బందరులో ఈ పని చేయు పెద్దవారితో మాటలాడితిని. ఆయన చెమట తుడుచుకొనుచు అనినది నాకు జ్ఞాపకమున్నది: "బెల్లం సంగతి అడుగుతారు, నెయ్యి సంగతి అడుగుతారు. రోకలి ఎవరు పట్టుకున్నారని ఒక్కరూ అడగరండి అయ్యగారూ."

ఒక పనిలో దాటరాని మెట్టు ఒకటి ఉండును అనునది మన సంఘములకు క్రొత్త సంగతి కాదు. పస్కా పండుగలోని పులియని రొట్టెను గూర్చి చదివినవారమే గదా. దానిలో ఉన్నది పిండియు నీళ్లును మాత్రమే. పులిసిన రొట్టెలో ఉన్నదియు ఆ పిండియే, ఆ నీళ్లే. యూదుల పెద్దలు ఏర్పరచిన కట్టడ ప్రకారము పిండికి నీళ్లు తగిలిన తరువాత 18 నిమిషములలోగా రొట్టె కాలి తీరవలెను. పిసుకకుండ అంతసేపు ఊరక విడిచిన పిండి పస్కాకు పనికిరాదు. గోధుమలు ఏ దేశపువని వారు అడుగలేదు. పొయ్యి ఏ ఊరిదని అడుగలేదు. చేసిన తీరును అడిగిరి.

ఆ జనుల రొట్టెయే మరియొకటి మన విషయమునకు మిక్కిలి దగ్గర. గుడివాడ, బందరు ప్రాంతములనుండి అమెరికా వెళ్లిన పిల్లలు మన ఇండ్లలో అనేకులున్నారు. వారు పోవునప్పుడు పెట్టెలో తల్లులు పెట్టునది బందరు లడ్డు. వారు అచ్చట ఉదయమున తినునది బేగల్ అను రొట్టె. చూచుటకు మన గారె వలెనే గుండ్రముగా, నడుమ చిల్లుతో ఉండును గాని గారెకంటె పెద్దది, గోధుమపిండితో చేసి పులియబెట్టినది. ఇది పోలండు దేశపు యూదులది. క్రాకోవు పట్టణపు యూదుల సంఘము 1610లో చేసికొన్న కట్టడలలో దీని పేరు కనబడుచున్నదని చరిత్రకారులు చెప్పుదురు. అనగా ఆంగ్లేయులు బందరులో దిగుటకు ఒక్క సంవత్సరము ముందు. 1683లో వియన్నా పట్టణమును తురకలనుండి విడిపించిన పోలండు రాజు గౌరవార్థము గుఱ్ఱపు రికాబు ఆకారములో దీనిని మొదట చేసిరని ఒక కథ ప్రచారములో ఉన్నది. గాని అంతకు 70 ఏండ్ల ముందే పేరున్న రొట్టె అప్పుడు పుట్టెననుట పొసగదు. జనులు ప్రేమించు ప్రతి తిండికిని ఒక రాజును తగిలించుట లోకమంతటను ఉన్న అలవాటే.

ఈ రొట్టెను అసలైనదిగా చేయునది ఏమి? కాల్చుటకు ముందు మరుగుచున్న నీళ్లలో వేసి ఉడికించుట. ఆ ఒక్క మెట్టువలన పైపొర బిగిసి, నిగనిగలాడి, లోపల సాగుడుతనము నిలుచును. ఉడికించని యెడల అది చిల్లుపెట్టిన మామూలు రొట్టె. న్యూయార్కువారు ఆ నీళ్లలో మొలకధాన్యపు పాకము వేయుదురు; కెనడాలోని మాంట్రియలువారు తేనె వేయుదురు. ఎవరిది అసలని వారు పోట్లాడుకొందురు గాని, ఉడికింపవలెనను మాటలో ఇరువురికిని భేదము లేదు.

యూదులు దారిద్ర్యమువలనను హింసలవలనను పోలండు, రష్యా దేశములు విడిచి గుంపులుగా న్యూయార్కు చేరినప్పుడు ఈ పనియు వారితో పోయెను. నేలమాళిగలలో, వేడికి చొక్కాలు విప్పి, రాత్రులు పనిచేయు కార్మికులు ఒక సంఘముగా కూడుకొనిరి. దాని సంఖ్య 338. సుమారు 300 మంది మాత్రమే ఉన్న ఆ సంఘములో తండ్రి పని కుమారునికి వచ్చుచుండెను. వారు చేతితో పిండి చుట్టుదురు, ఉడికింతురు, కాల్చుదురు. 1951 చివరను పని ఆగినప్పుడు ఆ మహానగరములో ఈ రొట్టెకు కరువు వచ్చినంత పనియయ్యెను. తరువాత డేనియల్ థాంప్సన్ అను నతడు పిండిని చుట్టు యంత్రమును కనిపెట్టెను. 1963లో లెండర్ కుటుంబమువారు దానిని అద్దెకు తీసికొనిరి. లెండరులు కూడ పోలండు నుండి వచ్చిన యూదులే. వారి రొట్టెలు మంచుగడ్డకట్టించిన స్థితిలో సంచులకెక్కి దేశమంతట వ్యాపించినవి. 1970 తరువాత కొలది కాలమునకే 338వ సంఘము తన ప్రత్యేకతను కోల్పోయెను. అనేక కర్మాగారములలో ఉడికించుట కూడ మానివేసి ఆవిరి పట్టి సరిపెట్టిరి. రొట్టె కోట్లమందికి అందినది. చుట్టిన చేతులు మాత్రము ఇంటికి పోయినవి.

దీనిని చదివినప్పుడు నాకు రెండు సంగతులు వేరువేరుగా తోచుచున్నవి. చుట్టుటకు యంత్రము పెట్టుట ఒకటి; ఉడికించుట మానివేయుట మరియొకటి. మొదటిదానిలో చేయి మారినది గాని పని మారలేదు. రెండవదానిలో పనియే పోయినది. బందరు లడ్డు విషయములో కూడ నేను ఇట్లే తీర్పు చెప్పుదును. రోకలికి విద్యుత్తు తగిలించి దంచినయెడల అది తొక్కుడే. ఎవని భుజమైనను విరిగితేగాని రుచి రాదనువాడు తాను రోకలి పట్టినవాడు కాడు. వడ్ల మరలు వచ్చుటకు పూర్వము మన ఊళ్లలో పేద స్త్రీలు తెల్లవారుజామున లేచి పరాయి ఇండ్ల వడ్లు దంచి నూకలు కూలిగా తెచ్చుకొన్న దినములు మన పెద్దలకు తెలియును. దంపుడు పాటలు మధురమైనవని పుస్తకములలో వ్రాయుదురు. పాడినవారి చేతి బొబ్బలను వ్రాయరు. మర వచ్చినప్పుడు ఆ బొబ్బలును పోయినవి, ఆ నూకలును పోయినవి. రెండును జ్ఞాపకముంచుకొనవలెను.

కాని బూందీని చిదిమి ముద్దచేసి, నెయ్యికి బదులు వనస్పతి పోసి, పైన బందరు పేరు అంటించుట వేరు. ఒక బస్సు నిలయములో నేనొక డబ్బా కొంటిని. ఊరు పేరు చెప్పను. మూత తీయగానే నెయ్యి వాసన రాలేదు. నోటిలో పెట్టగా అంగిటికి మైనము వలె అతుకుకొన్నది. పలకమీద "అసలైన" అను మాట మాత్రము ఎఱ్ఱని రంగుతో పెద్దగా ఉండెను.

ఇట్టివాటిని అడ్డుటకు చట్టమొకటి కలదు. ఒక ప్రాంతమునకు చెందిన సరుకు పేరును ఇతరులు వాడుకొనకుండ కాపాడు భౌగోళిక గుర్తింపు చట్టమును మన దేశము 1999లో చేసికొని 2003లో అమలులో పెట్టినది. మొదట నమోదైనది డార్జిలింగు టీ. తిరుపతి లడ్డుకు 2009లో ఆ గుర్తింపు వచ్చినది. బందరులోని తయారీదారులు సంఘముగా ఏర్పడి దరఖాస్తు పెట్టగా 2017లో బందరు లడ్డుకును వచ్చినది. ఆ నమోదును పదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. ఇది మంచిదే. చిన్న చిన్న దుకాణములవారు కలిసి ఒక కాగితము సంపాదించుట చిన్న పని కాదు. అయినను చట్టము కాపాడునది పేరును. పేరు వెనుక ఉన్న పనిని కాపాడవలసినవారు చేయువారును కొనువారును. బందరులోనే కూర్చుండి తొక్కుడు మానినవాడు, బందరులో ఉన్నంతమాత్రమున అసలైనవాడగునా? మరి హైదరాబాదుకు వలసపోయి, నెయ్యిలో వేయించి మూడుమార్లు దంచినవాడు నకలివాడగునా? చట్టము మొదటివానికి పేరు ఇచ్చినను నా నాలుక రెండవవాని దగ్గరకు పోవును. బొందిలీలు బుందేల్‌ఖండు విడిచి వచ్చినప్పుడు ఈ హద్దు పెట్టియున్న యెడల బందరుకు లడ్డే లేదు.

మరియొక మాట కూడ చెప్పవలెను. నేతిలో వేయించి నేతితో దంచిన మిఠాయి మన పల్లె సంఘములలో అనేకుల తాతల ఇండ్లలో ఉండినది కాదు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియగువరకు ఈ డెల్టాలో కూడ అనేకులకు వరి అన్నము పండుగ తిండి. జొన్న సంకటి, చోళ్ల అంబలి దినదినపు తిండి. ఆనకట్ట కట్టుటకు ఇరువది ఏండ్ల ముందు, 1832-33లో వచ్చిన గుంటూరు కరువులో అంబలికి నోచుకొనక లెక్కలేనంతమంది చనిపోయిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున 30,000 మంది నశించిరి. రేవు మరల పూర్వ వైభవమునకు రాలేదు. ఇట్టి చరిత్ర కల నేలమీద బ్రదికినవారి అసలైన తిండి ఏది అని అడిగినయెడల, గుర్తింపు కాగితము దొరకని తిండ్లు అనేకము లేచి నిలుచును.

దివిసీమలో తాడిచెట్లను చూడుడు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో ఆ సీమలో వేలమంది కొట్టుకొనిపోగా, చెట్ల మ్రాకులను కౌగిలించుకొని మిగిలినవారు కొందరు కలరు. ఆ తాడిచెట్టు వేసవిలో ముంజలనిచ్చును. శ్రావణ భాద్రపదములలో పండ్లు రాలును. పండిన తాటిపండు గుజ్జు పిండి, బియ్యపు రవ్వయు బెల్లమును కలిపి నానబెట్టి, మూకుట పోసి, క్రింద నిప్పులు, మూతపైన నిప్పులు పెట్టి నెమ్మదిగా కాల్చినది తాటి రొట్టె. గుజ్జు తీసిన టెంకలను పారవేయరు. మట్టిలో పాతర వేయుదురు. సంక్రాంతి నాటికి అవి తేగలగును. వాటిని కుండలో కాల్చి నారతీసి తిందురు. టెంక పగులగొట్టిన దానిలోని తెల్లని బుర్రగుంజు పిల్లలది. దీనిలో కొన్నది బెల్లమొక్కటే.

తాటి రొట్టెలో కూడ దాటరాని మెట్టు ఒకటి ఉన్నది. అన్ని చెట్ల పండును తీపి కాదు. కొన్నిటి గుజ్జు చేదు. ఏ గట్టుమీది ఏ చెట్టు పండు తీపియో ఆ ఊరి ముసలమ్మకు తెలియును. అది ఏ పుస్తకములోను లేదు. పైన నిప్పులు ఎన్ని, క్రింద నిప్పులు ఎన్ని, ఎంతసేపటికి మూత తీయవలెనో కూడ ఆమెకే తెలియును. ఈ పత్రికను చదువు యౌవనస్థులకు నాదొక కోరిక. ఈ భాద్రపదములో మీ ఊరిలో తాటి రొట్టె కాల్చు అవ్వ దగ్గర కూర్చుండి, ఏమేమి వేసెనని కాదు, ఏది ఎప్పుడు ఎట్లు చేసెనో వరుసగా వ్రాసికొనుడు. ఆమె ఏ చెట్టు దగ్గరకు పోయెనో ఆ చెట్టును కూడ చూచి రండు.